గొడుగు గుడ్డ కింద

మా సార్ పోయారని తెనాలి నుంచి ఫోను వచ్చినప్పుడు నా ఎడమ చెయ్యి మోచేతి పైదాకా ఒక గేదె కడుపులో ఉంది. కుడిచేత్తో దాని తోక పట్టుకుని ఉన్నాను. మా కంపౌండరు ఫోను తీసి నా చెవికి ఆనించాడు. అవతల సార్ భార్య. నేను ఆంటీ అని పిలుస్తాను.

"అమ్మా, ఇందాకే పోయారు. కుర్చీలో కూర్చుని కాఫీ అడిగారు, తెచ్చేలోపే అయిపోయింది. నువ్వు చేస్తున్న పని ముగించుకునే రా. మధ్యలో వదిలేసి వచ్చావంటే ఆయన ఊరుకోరు" అన్నారు. అప్పటికింకా ఆంటీకి ఆయన గురించి 'ఊరుకునేవారు కాదు' అనడం అలవాటు కాలేదు.

పని ముగించాలనే చూశాను. వేళ్ళకి ఏమీ తెలియలేదు. గేదె రైతు "ఏంటమ్మా, కట్టిందా?" అని అడిగాడు. "తెలియడం లేదండి. రేపు మళ్ళీ చూస్తాను" అన్నాను. చిన్న మాటే. కానీ ఆ మాట నా నోటికి రావడానికి ఒక ప్రాణం పోయింది, ఒక మనిషి ఏడాది పాటు రైలెక్కి తిరగవలసి వచ్చింది. ఆ మనిషి ఎలాంటివారో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఇంట్లో పాడి లేనివాళ్ళకి కొంచెం వివరంగా చెప్పాలి. గేదె ఈనితేనే పాలు. ఈనాలంటే ఎదకు రావాలి, చూలు కట్టాలి. ఎదకు రాకపోయినా, వచ్చి నిలవకపోయినా నాలుగైదు నెలలు ఓపిక పడతారు. ఆ తర్వాత ఎవరో ఒకరు 'గొడ్డుది' అంటారు. ఆ మాట ఊళ్ళో తిరిగిన వారంలో బేరగాడు గుమ్మం ముందుంటాడు. అతను తోలుకుపోయేది కబేళాకే. పశువుల డాక్టరు చెయ్యి లోపలికి పెట్టి, పేగు గోడ మీదుగా గర్భసంచిని తడిమి చెప్పే ఒక్క మాట మీద ఆ గేదె బతుకు ఆధారపడి ఉంటుంది. చేయి తిరిగిన డాక్టరుకు కూడా రెండో నెల చూలు ఒక్కోసారి వేళ్ళకి అందదు. గర్భసంచిలో చీము చేరినా చూలులాగే అనిపిస్తుంది.

సార్ తెనాలిలో, చుట్టుపక్కల ఊళ్ళలో చాలా ఏళ్ళు పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను పని నేర్చుకుంది ఆయన వెంట తిరిగే. రిటైరయ్యాక ఏం కొన్నారో తెలుసా? స్కానింగ్ మిషను. భుజానికి తగిలించుకునే పెట్టె, అరచేయంత తెర, పొడుగాటి తీగ, దాని చివర బొటనవేలంత మీట. ఆ మీటను అరచేతిలో దాచి లోపలికి పెడితే, గర్భసంచి, అండాశయాలు బొమ్మ కట్టినట్టు తెర మీదికి వస్తాయి. "అందరూ రిటైరయ్యాక కాశీ వెళ్తారు. ఈయన గేదెల కడుపుల్లోకి వెళ్తున్నారు" అనేవారు ఆంటీ. అన్నారే గానీ ఆ మిషనుకు కావలసిన గుడ్డ కుట్టింది ఆవిడే.

ఆ గుడ్డ కథ ఏంటంటే, మా పని జరిగేది ఎండలో. ఎండలో ఆ తెర మీద ఏమీ కనపడదు. అందుకని ఆంటీ పాత నల్ల గొడుగులు రెండు విప్పి, గుడ్డలు కలిపి, దుప్పటంత ముసుగు కుట్టారు. సార్ దాన్ని తల మీదుగా మిషను మీదికి కప్పుకుని చూసేవారు. పాతకాలపు ఫొటోగ్రాఫరులాగా ఉండేది వాలకం. గొడుగు ఊచలకి వేసిన కుట్లు ఊడిన చోటల్లా సూదిబెజ్జాలు మిగిలాయి. ఎండ బాగా కాసినప్పుడు ఆ బెజ్జాల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా లోపలికి పడేది. కొత్తగుడ్డ కొందామని నేనొకసారి అంటే "ఇది నా భార్య కుట్టింది డాక్టరమ్మా, నీ జీతంతో రాదు" అన్నారు. నన్ను డాక్టరమ్మా అనే పిలిచేవారు. సగం గౌరవం, సగం వేళాకోళం.

ఆ ముసుగులోకి ఆయన ఒక్కరే దూరేవారు కాదు. గేదె ఎవరిదైతే వాళ్ళని కూడా లోపలికి పిలిచేవారు. "రండి, మీరే చూడండి. గేదె మీది, నాది కాదు" అనేవారు. ఇదిగో ఈ నల్ల గుండ్రం ఎదకు వచ్చే అండం, ఇది నీటితిత్తి, దీని మూలంగానే మీ గేదె ఎద కుదరడం లేదు అని వేలితో చూపించేవారు. చదువు రాని ముసలివాళ్ళు కూడా నాలుగోసారికి "ఈ పక్కది కిందటిసారి కంటే పెరిగిందండి" అనడం నేను విన్నాను. డాక్టరు చెప్పాడు కాబట్టి నమ్మాలి అన్న పద్ధతి ఆయనకు కిట్టేది కాదు.

మనిషి అంత తేలికైనవారేం కాదు. కాఫీ బాగుండకపోతే ఎవరింట్లోనైనా మొహం మీదే చెప్పేవారు. గ్లవ్సు సరిగా కడగకపోతే నలుగురిలో తిట్టేవారు. రైల్లో పెట్టెను పైన పెట్టేవారు కాదు, పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకునేవారు. ఒకసారి రేపల్లె ప్యాసింజరులో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఆ పెట్టె ఏంటని అడిగి, సంగతి తెలిశాక గొంతు తగ్గించి "మా కోడలికి మూడో నెలండి. ఆడో మగో కొంచెం చూసి చెప్తారా?" అంది. సార్ ఏమాత్రం తొణక్కుండా "చూస్తానమ్మా. కాకపోతే ఇది కొమ్ములున్నవాటికే పనిచేస్తుంది" అన్నారు. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. దిగాక సార్ నాతో "గేదెకైతే ఆడదూడ పుట్టాలని మొక్కుకుంటారు చూడు" అన్నారు. ఆ రోజంతా చిరాగ్గానే ఉన్నారు.

బాపట్ల సంగతి కూడా చెప్పాలి. అక్కడ సముద్రపు ఒడ్డున పిల్లల్ని గుర్రం ఎక్కించి తిప్పే ఒకాయన ఉండేవాడు. ఆయన ఆడగుర్రం చూలుతో ఉందని ఎవరో చెప్పారట. పని మాన్పించి దాణా మేపుతున్నాడు. ఎందుకో అనుమానం వచ్చి సార్‌ని పిలిపించాడు. సార్ చూశారు. తెర మీద శనగగింజంత నల్లటి గుండ్రం కనపడింది. నేను పక్కనుంచి "చూలే కదండీ" అన్నాను. సార్ ముసుగులోంచి బయటికి వచ్చి, గుర్రం ఆయనతో "నాకు తెలియదయ్యా. గుర్రాల పని నాకు తక్కువ. ఇది చూలైనా కావచ్చు, ఉత్త నీటిబుడగైనా కావచ్చు. చూలైతే రెండు రోజుల్లో పెరగాలి. ఎల్లుండి మళ్ళీ వస్తాను" అన్నారు. అంత పెద్దాయన, చుట్టూ జనం చూస్తుండగా తెలియదు అనడం నాకు నామోషీగా అనిపించింది. అన్నట్టే రెండు రోజుల తర్వాత ఎండలో మళ్ళీ వెళ్ళాం. ఆ గుండ్రం అలాగే ఉంది, పెరగలేదు. నీటిబుడగే. గుర్రం ఆయన బాధపడ్డాడు గానీ, మర్నాటి నుంచి గుర్రాన్ని పనిలో పెట్టుకున్నాడు. ఇంకో ఆర్నెల్లు ఆశపెట్టుకుని కూర్చునే బాధ తప్పింది.

నామోషీ అన్నాను కదా. అదే నా చేత తప్పు చేయించింది.

రేపల్లె వైపు ఒక పల్లెలో అప్పుడు నాకు ఉద్యోగం. కొత్త. ఆడడాక్టరు వచ్చిందని గేదెను చూపించుకోవడానికి ఒకరొస్తే, నన్ను చూడటానికి పదిమంది వచ్చేవారు. ఒకనాడు సువార్తమ్మ తన గేదెను తోలుకొచ్చింది. కూలికి వెళ్ళే మనిషి. ఉన్నది ఆ ఒక్క గేదే. రెండు నెలల కిందట దున్నతో దాటించిందట, ఆ తర్వాత ఒకరోజు మళ్ళీ ఎదకు వచ్చినట్టు జిగురు కనపడిందట. చెయ్యి పెట్టి చూశాను. చూలు ఉన్నట్టు తోచలేదు. లేదని గట్టిగానూ తోచలేదు. వెనకనుంచి ఎవరో "ఏంటమ్మా, ఇంతసేపా? మీకు తెలుస్తందా అసలు?" అన్నారు. నలుగురు నవ్వారు. నేను చెయ్యి బయటికి తీసి "లేదు, కట్టలేదు" అని, ఎదకు రప్పించే సూది వేశాను. ఆ సూది చూలు లేని గేదెకు మందు. చూలున్న గేదెకు వేస్తే చూలు జారిపోతుంది.

నాలుగో రోజు ఉదయం సువార్తమ్మ అరిటాకు పొట్లం పట్టుకుని వచ్చింది. గడ్డిలో దొరికిందని విప్పి చూపించింది. వేలంత దూడ. గిట్టలు కూడా తెలుస్తున్నాయి. "ఏంటమ్మా ఇది?" అంది.

నాకు ఒక్క క్షణంలో అంతా తెలిసింది. అయినా "గర్భసంచిలో ఏదో జబ్బు ఉండి ఉంటుంది. దానివల్ల జారిపోయింది" అన్నాను. ఆమె తల ఊపి, పొట్లం మళ్ళీ జాగ్రత్తగా మడిచి తీసుకుపోయింది. నా జన్మలో ఎన్నో తప్పులు చేశాను. ఆ వాక్యమంత సిగ్గు పడేది ఇంకోటి లేదు.

తర్వాత రెండు నెలలు ఆ గేదె ఎదకు రాలేదు. తోక కింద చెడువాసన. బేరగాడు రెండుసార్లు వచ్చి చూసిపోయాడని మా కంపౌండరు చెప్పాడు. ఇక ఉండబట్టలేక ఒక ఆదివారం తెనాలి వెళ్ళి సార్‌కి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. గ్లవ్సుకే తిట్టే మనిషి కదా. ఆయన కాఫీ పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టి "ఆమెకి చెప్పావా?" అన్నారు.

"లేదండి."

"మరి నాకెందుకు చెప్తున్నావు? గేదె నాది కాదుగా."

ఆయనే మళ్ళీ "సరే, వచ్చే ఆదివారం వస్తాను. ముందు గేదెను చూద్దాం" అన్నారు.

ఆయన వచ్చేసరికి సువార్తమ్మ గుడి నుంచి వచ్చి తెల్లచీరలో ఉంది. లూథరన్ల చర్చిని ఆ వైపు గుడి అనే అంటారు. ఎండ మాడుతోంది. సార్ మిషను స్టూలు మీద పెట్టి, మీట నా చేతికిచ్చారు. "నువ్వే చూడు, నేను బయట గేదె తల పట్టుకుంటాను" అన్నారు. నేను చెయ్యి లోపలికి పెట్టాక గొడుగు గుడ్డ తీసి నా మీద, సువార్తమ్మ మీద కప్పారు. కప్పుతూ "ఇద్దరూ లోపలే ఉండండి. లోపల మొహాలు కనపడవు, ఏం మాట్లాడుకున్నా పర్లేదు" అన్నారు. ఆమె దాన్ని మామూలు మాటే అనుకుని ఉంటుంది. అది నా కోసమేనని నాకు తెలుసు.

తెర మీద గర్భసంచి కనపడింది. లోపల నీళ్ళు, అందులో తెల్లటి తరకలు కదులుతున్నాయి. బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. నేను తెర వైపే చూస్తూ చెప్పేశాను. ఆ రోజు నాకు తెలియలేదని, తెలియదని చెప్పడానికి సిగ్గుపడి సూది వేశానని, ఆ దూడ పోయింది నా సూది వల్లేనని, జబ్బు అని అబద్ధం చెప్పానని.

ఆమె ఊపిరి నా చెవి పక్కనే వినపడుతోంది. తెరకి ఇంకొంచెం దగ్గరగా జరిగింది. తర్వాత "ఇప్పుడు ఆ తెల్లగా కదిలేది ఏంటమ్మా?" అంది.

"చీము."

"పోయిద్దా?"

"తెలియదండి" అన్నాను. రైతుతో ఆ మాట అనడం నాకు అదే మొదలు.

"తెలవదు గానీ, చూస్తారుగా?"

"చూస్తాను."

"అయితే అమ్మనులే" అని ముసుగు ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది.

సార్‌కి పక్కింటి నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. ఆయన్ని తెనాలిలో దింపడానికి నేనూ రైలెక్కాను. రైల్లో నేను ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే సార్ "ఆమెకి కోపం ఉండనియ్. కోపం ఉండొచ్చు. మధ్యలో అబద్ధం ఉండకూడదు" అన్నారు. అని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని గురక పెట్టడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత పదిహేను రోజులకోసారి, ఆదివారం, ఆయన తెనాలి నుంచి వచ్చారు. గర్భసంచి కడగడం నా పని. కడిగాక ఎంత మిగిలిందో చూపించడం ఆయన పని. చూడటం సువార్తమ్మ పని. తరకలు తగ్గాయి, నీళ్ళు తేరుకున్నాయి, ఒకనాటికి గర్భసంచి గోడలు దగ్గరపడి శుభ్రంగా కనపడింది. అండాశయం మీద నల్లద్రాక్షంత గుండ్రం లేచినప్పుడు ఆమే ముందు చూసి "అదుగో" అంది. మొదటిసారి దున్నతో దాటిస్తే చూలు నిలవలేదు. ఆ రోజు బేరగాడు వీధిలోనే నిలబడి ఉన్నాడు. అతను "ఇంకెన్నాళ్ళు చూస్తావే, గొడ్డుది అది" అన్నాడు. సార్‌కి ఆ మాటంటే ఒళ్ళు మంట. "గొడ్డుది అనకు. కారణం ఇంకా దొరకలేదు అను. ఆ రెండో మాటకి నోరేమీ అరిగిపోదు" అన్నారు. సువార్తమ్మ అతని మొహం కూడా చూడకుండా గేదెకి కుడితి పెట్టింది.

రెండోసారి దాటించిన నెలన్నరకి, మళ్ళీ గుడి వేళ దాటాక, ముసుగులో ముగ్గురం ఇరుక్కున్నాం. సార్ మీటను కొంచెం కొంచెం తిప్పుతున్నారు. నల్లటి నీళ్ళ మధ్య బూడిదరంగు గింజ. దాని నడిమధ్యన, మినపగింజంత చోట, మిణుకు మిణుకుమంటూ ఏదో. నేను నోరు తెరవబోతే సార్ మోచేత్తో పొడిచారు. చెప్పొద్దని.

సువార్తమ్మ తెర మీదికి వంగింది. "కొట్టుకుంటంది" అంది మెల్లగా. "గుండె కొట్టుకుంటందండి."

బయటికి వచ్చాక రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. ఒకటి సార్‌కి ఇచ్చింది. రెండోది నా ముందు పెట్టి లోపలికి పోయింది. అంత పుల్లటి మజ్జిగ నేనెప్పుడూ తాగలేదు. చుక్క వదల్లేదు.

గేదె ఈనింది. ఆడదూడే. సువార్తమ్మ జున్ను కాచి, గిన్నె గుడ్డలో మూటకట్టి, రైలెక్కి తెనాలి వెళ్ళి సార్‌కి ఇచ్చి వచ్చింది. ఆయన గట్టిగా పొగిడిన వంట అదొక్కటేనని ఆంటీ ఇప్పటికీ దెప్పుతారు.

ఈ ఏడాది సార్‌కి కాలేయం పాడైంది. గుంటూరులో స్కానింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. కుర్ర డాక్టరు మీటను పొట్ట మీద తిప్పుతూ తెరను తనవైపే పెట్టుకున్నాడు. సార్ అటే మెడ సాచుతున్నారు. "ఏం కనపడుతోంది బాబూ?" అని అడిగితే అతను "రిపోర్టులో రాస్తామండి" అన్నాడు. "రాద్దువు గానీ, కొంచెం ఇటు తిప్పు. కడుపు నాది కదా" అన్నారు సార్. అతను నవ్వి తిప్పాడు. సార్ చాలాసేపు చూశారు. ఆయనకు చెప్పేవాళ్ళు అక్కరలేదు. "ఊఁ, సరే. మా ఆవిడని పిలవండి. ఆవిడ కూడా చూడాలి" అన్నారు. ఆంటీ వచ్చారు. కాలేయం మీద మచ్చలు ఒక్కొక్కటే వేలితో చూపించి, ఇది ఏంటో, ఎందుకు తగ్గదో ఆవిడకి చెప్పారు. రైతులకు చెప్పినట్టే చెప్పారు. ఇంటికొచ్చాక ఇద్దరూ కాఫీ తాగారు. బాగాలేదన్నారట.

సార్ పోయిన రోజు నేను రేపల్లె స్టేషనుకి వెళ్ళేసరికి సువార్తమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. కంపౌండరు చెప్పాడట. అదే తెల్లచీర. ఇద్దరం ఒకే రైలెక్కాం.

తెనాలిలో ఇల్లంతా జనం. ఆయన దగ్గర పని నేర్చుకున్న డాక్టర్లు చాలామంది వచ్చారు. నేను కుర్చీలు వేయించాను, ఐసు పెట్టె సంగతి చూశాను, దూరపువాళ్ళకి ఫోన్లు చేశాను. వచ్చినవాళ్ళకి ఎప్పుడు, ఎలా జరిగిందో విసుగు లేకుండా చెప్పాను. గొంతు ఎక్కడా తడబడలేదు. నలుగురిలో ఏడవడం నాకు చేతకాదు, ఆ పాత నామోషీ అలాంటి చోట ఇంకా మిగిలే ఉంది.

మధ్యాహ్నం వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. మూలన బల్ల మీద సార్ పెట్టె ఉంది. దాని మీద గొడుగు గుడ్డ మడతపెట్టి ఉంది. సువార్తమ్మ నా వైపు చూసింది, గుడ్డ వైపు చూసింది. ఆంటీ దగ్గరికి వెళ్ళి "అమ్మగారూ, అది ఒకసారి తీసుకోమంటారా?" అని అడిగింది. ఆంటీ తల ఊపారు.

ఆమె మడత విప్పి, దులిపి, నా దగ్గరికొచ్చి నా తల మీదుగా కప్పింది. తనూ లోపలికి వచ్చింది.

"లోపల మొహాలు కనపడవు. ఏడవండమ్మా" అంది.

వరండాలో ఎండ నిండుగా ఉంది. ఊచల కుట్లు ఊడిన బెజ్జాల్లోంచి వెలుగు చుక్కలుగా లోపలికి పడుతోంది. ఆమె చెంప మీద ఒక చుక్క, నా చేతి మీద ఒక చుక్క. మేమిద్దరం చాలాసేపు బయటికి రాలేదు.